బిలిరుబిన్ రిపోర్టు చదువుకోవడం ఎలా?

మాది కావలిలో చిన్న ల్యాబ్. పొద్దున ఏడింటికి రక్తాలు తీయడం మొదలుపెడితే పదకొండుకల్లా రిపోర్టులు కవర్లో పెట్టి ఇచ్చేస్తాం. కవరు చేతిలో పడీ పడకముందే కౌంటర్ దగ్గర వినపడే ప్రశ్న ఏళ్ల తరబడి ఒకటే. "అబ్బయా, ఈ బిల్లురూబి అంటే ఏంది? కామెర్లేనా?" ఉదయగిరి బస్సు దిగి వచ్చిన పెద్దాయన అడుగుతాడు, బీటెక్ చదివే పిల్లా అడుగుతుంది. ఈ మధ్య రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పడేసి, కింద ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకునేవాళ్లు కూడా తయారయ్యారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు, ల్యాబ్ టెక్నీషియన్ని. మందులు చెప్పను. కాగితం మీద ఉన్నది మీరు సరిగ్గా చదువుకుని, డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు పనికొచ్చే ప్రశ్న అడిగితే చాలు.

మాట అర్థం, వాడే తీరు

బిలిరుబిన్ జబ్బు పేరు కాదు. పైత్యరసంలో ఉండే పసుపు రంగు పదార్థం పేరు. బడి పుస్తకాల్లో "పైత్యరస వర్ణకం" అని చదువుకున్నారే, అదే. మూత్ర పరీక్ష కాగితంలో "బైల్ పిగ్మెంట్స్" అని ఒక వరుస ఉంటుంది, అదీ దీని గురించే.

ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. కణం ముసలిదై విరిగినప్పుడు అందులోని హీమ్ అనే భాగం ముందు బిలివర్డిన్‌గా, తర్వాత బిలిరుబిన్‌గా మారుతుంది. బిలివర్డిన్ ఆకుపచ్చ, బిలిరుబిన్ పసుపు. మోకాలికి దెబ్బ తగిలి కమిలిన చోటు ఎప్పుడైనా గమనించారా? మొదట ఎర్రగా, నల్లగా ఉంటుంది. కొన్నాళ్లకి ఆకుపచ్చ ఛాయ తిరుగుతుంది, చివర్లో పసుపై మాయమవుతుంది. అదే వరుస. మనవాళ్లు పసుపునీ ఆకు రంగునీ కూడా "పచ్చ" అనే ఒక్క మాటతో పిలవడం ఇక్కడ భలే కుదిరింది.

అలా పుట్టిన బిలిరుబిన్ రక్తంలో కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని నీళ్లలో కరిగేలా మార్చి, పైత్యరసంలో కలిపి పేగులోకి వదులుతుంది. మలానికి ఆ గోధుమ రంగు, మూత్రానికి ఆ లేత పసుపు దాని చలవే. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా రక్తంలో బిలిరుబిన్ పెరుగుతుంది. థియరీ ఇంతకుమించి అక్కర్లేదు.

మాట వాడేటప్పుడు మూడు చోట్ల తడబడుతున్నారు. "మా ఆయనకి బిలిరుబిన్ వచ్చింది" అంటారు. వచ్చేదేముంది, అందరి రక్తంలోనూ రోజూ ఉండేదే. "పెరిగింది" అనాలి, ఎంతకి పెరిగిందో అంకె చెప్పాలి. రెండోది పైత్యం. మన ఇళ్లలో కళ్లు తిరిగినా పైత్యమే, వాంతయినా పైత్యమే, మనిషి తిక్కగా మాట్లాడినా పైత్యమే. ఆ పైత్యానికీ ఈ అంకెకీ లంకె లేదు. "మా అవ్వకి పైత్యం చేసింది, బిలిరుబిన్ చూడండి" అని తీసుకొస్తారు. చూస్తాం, నార్మల్ వస్తుంది, డబ్బులు దండగ అని మమ్మల్నే తిడతారు.

మూడోది అసలు ప్రమాదకరమైనది. ఆపరేషన్ ముందో, రక్తదానం చేసినప్పుడో హెపటైటిస్ బి వైరస్ కోసం హెచ్‌బీఎస్‌ఏజీ అనే పరీక్ష చేస్తారు. అది పాజిటివ్ వస్తే ఊళ్లో "కామెర్లు పాజిటివ్" అని పేరు పెడతారు. ఆ మనిషి కళ్లు తెల్లగానే ఉంటాయి, బిలిరుబిన్ 0.7 ఉంటుంది. "బిలిరుబిన్ నార్మలే కదా, కామెర్లు పోయినట్టే" అనుకుని ఇంటికి పోతాడు. వైరస్ ఉందా లేదా అన్నది బిలిరుబిన్ చెప్పదు. ఇది వేరే పరీక్ష, అది వేరే పరీక్ష.

దగ్గర పెట్టుకోవాల్సినవి

రిపోర్టు మొత్తం కావాలి, ఒక్క పేజీ కాదు. పాత రిపోర్టు ఉంటే అదీ తీయండి. గత నెల రోజులుగా మింగిన మందుల పేర్లు ఒక చీటీ మీద రాయండి. పసరు, చూర్ణం, జిమ్ పౌడరు, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ల, ఏదీ వదలకూడదు. టీబీ మందులు వాడుతుంటే అది చీటీలో మొదటి వరుసలో ఉండాలి. ఫోన్‌లో కాలిక్యులేటర్. ఇంకా పగటి వెలుతురు, ఎందుకో ఆరో మెట్టు దగ్గర చెప్తాను.

మెట్లు

1. ముందు యూనిట్ చూడండి, తర్వాతే అంకె.

మన దగ్గర డెసిలీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో రాస్తాం. వేరే దేశాల్లో చాలాచోట్ల లీటరుకి మైక్రోమోల్స్‌లో రాస్తారు. మన జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు తక్కువేం కాదు కదా. అక్కడ చేయించుకున్న రిపోర్టు ఒకావిడ తెచ్చింది. భర్తకి బిలిరుబిన్ 15 అట, రాత్రంతా ఇల్లంతా ఏడుపులేనట. ఆ 15 మైక్రోమోల్స్. 17.1తో భాగిస్తే మన లెక్కలో 0.9 కూడా లేదు. శుభ్రంగా నార్మల్. ఆ నిమిషంలో ఆవిడ ముఖం చూడాల్సింది, ముందు నవ్వింది, తర్వాత ఫోన్ చేసి భర్తని తిట్టింది.

2. మూడు వరుసలూ చదవండి.

టోటల్, డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అని మూడు ఉంటాయి. పెద్దవాళ్లకి టోటల్ సుమారు 0.2 నుంచి 1.2 వరకు, డైరెక్ట్ 0.3 లోపు ఉంటే మామూలు. ల్యాబ్‌ని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది కాబట్టి మీ కాగితం మీద పక్కనే అచ్చు వేసిన రేంజ్‌నే పట్టుకోండి, నెట్‌లో చూసింది కాదు.

కాలేయం సరిచేసి నీళ్లలో కరిగేలా మార్చినది డైరెక్ట్. ఇంకా కాలేయం చెయ్యి పడనిది ఇన్‌డైరెక్ట్. పేర్లు వింతగా ఉన్నాయంటే వాటికి ఒంటితో సంబంధం లేదు, పరీక్షనాళికతో సంబంధం. 1916లో వాన్ డెన్ బెర్గ్, ముల్లర్ అనే ఇద్దరు, రసాయనం కలపగానే నేరుగా రంగు వచ్చేది ఒకటి, ఆల్కహాల్ కూడా కలిపితేగానీ రంగు రానిది ఇంకొకటి ఉన్నాయని చూపించారు. ఆ "నేరుగా" అన్న మాటే ఇప్పటికీ మీ రిపోర్టులో ఉంది.

సరిచూసుకోవడం: టోటల్‌లోంచి డైరెక్ట్ తీసేస్తే ఇన్‌డైరెక్ట్ రావాలి. రాకపోతే టైపింగ్ తప్పు. మొహమాటపడకుండా ల్యాబ్‌కి వెళ్లి అడగండి. మేమూ మనుషులమే, 1.8ని 18గా కొట్టిన రోజు నాకూ ఉంది.

3. టోటల్ పెరిగితేనే వాటా లెక్కేయండి.

డైరెక్ట్‌ని టోటల్‌తో భాగించి నూరుతో గుణించండి. టోటల్ 6.8, డైరెక్ట్ 4.9 అనుకోండి, వాటా 72 శాతం. ఇలా సగానికి పైన డైరెక్టే ఉంటే కాలేయం వాపు, లేదంటే పైత్యరసం దిగే గొట్టంలో రాయో మరొకటో అడ్డం. టోటల్ 2.1, డైరెక్ట్ 0.4 అయితే వాటా 19 శాతం. ఇలా దాదాపు అంతా ఇన్‌డైరెక్టే అయితే రక్తకణాలు ఎక్కువగా విరుగుతున్నాయేమో చూడాలి, లేకపోతే గిల్బర్ట్ సిండ్రోమ్ కావచ్చు. మధ్యలో ఉంటే తేల్చడం డాక్టర్ పని.

టోటల్ 0.7 ఉండి డైరెక్ట్ 0.4 ఉందని, ఆ 0.4 లావు అక్షరాల్లో వచ్చిందని కంగారుపడేవాళ్లు వారానికొకరు వస్తారు. టోటల్ నార్మల్‌గా ఉన్నప్పుడు ఈ శాతాలకి అర్థం లేదు.

గిల్బర్ట్ గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి. ఇది పుట్టుకతో వచ్చే తీరు, జబ్బు అనడం కూడా ఎక్కువ. కాలేయంలో ఒక ఎంజైమ్ కాస్త నిదానం, అంతే. మామూలు రోజుల్లో 1.5 దగ్గర తిరిగే అంకె, ఉపవాసం ఉన్నా, జ్వరం వచ్చినా, ఒళ్లు అలిసినా పైకి లేస్తుంది. అయ్యప్ప దీక్షలో ఒంటిపూట తింటున్న కుర్రాళ్లు, పోలీసు సెలక్షన్ కోసం తెల్లవారుజామున పరుగులు తీసి అటునుంచి అటే వచ్చేవాళ్లు ఇలా దొరికిపోతారు. ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైమ్ నార్మల్, హిమోగ్లోబిన్ నార్మల్, మూత్రం నార్మల్, ఇన్‌డైరెక్ట్ ఒక్కటే ఎక్కువ అంటే డాక్టర్‌కి అనుమానం అటే పోతుంది. తేలితే మందు అక్కర్లేదు. ఆ ముక్క కాగితం మీద రాయించుకుని దాచుకోండి, లేకపోతే జీవితాంతం ప్రతి మెడికల్ టెస్ట్‌లోనూ మళ్లీ కామెర్ల మందు మింగిస్తారు.

4. పక్క వరుసలు వదలొద్దు.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ వందలు, వేలల్లో ఉంటే కాలేయ కణాలు దెబ్బతింటున్నాయని. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఇంకో ఎంజైమ్ బాగా పెరిగి అవి కొంచెమే పెరిగితే అనుమానం గొట్టం మీదికి పోతుంది, అప్పుడు డాక్టర్ కడుపు స్కానింగ్ రాస్తారు. హిమోగ్లోబిన్ తగ్గి ఇన్‌డైరెక్ట్ పెరిగితే రక్తం విరగడం వైపు చూస్తారు. బిలిరుబిన్ అంకె ఒక్కటే చదవడం అంటే పెళ్లిపత్రికలో ముహూర్తం చదివి ఊరి పేరు చదవకపోవడం లాంటిది.

5. మూత్రం, మలం రంగు రాసిపెట్టండి.

ఇన్‌డైరెక్ట్ మూత్రంలోకి రాదు, డైరెక్ట్ మాత్రమే వస్తుంది. అందుకే మూత్ర పరీక్షలో "బైల్ పిగ్మెంట్స్: పాజిటివ్" అని ఉంటే కాలేయం వాపో, గొట్టంలో అడ్డమో అని అర్థం. గిల్బర్ట్‌లో అది నెగటివ్‌గానే ఉంటుంది. పాజిటివ్, నెగటివ్ అన్న మాటలు ఈ వరుసకే చెల్లుతాయి, రక్తంలో బిలిరుబిన్‌కి కాదు.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష: తెల్లటి గాజు సీసాలో మూత్రం పట్టి, మూత పెట్టి గట్టిగా ఊపండి. నురగ తెల్లగా వస్తే మామూలు. నురగ కూడా పసుపుగా వస్తే బిలిరుబిన్ దిగుతోందని అనుమానించి ల్యాబ్‌లో చూపించండి. ఇది అనుమానానికే, రుజువు కాదు.

మోసపోయే సందర్భాలు: బి కాంప్లెక్స్ బిళ్ల మింగితే మూత్రం నిమ్మపండు పసుపుకి తిరుగుతుంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్‌కి నారింజ రంగు వస్తుంది. రోహిణి కార్తెలో పొగాకు ఆకు కాల్చే బ్యారన్ల దగ్గరో, చీమకుర్తి క్వారీలోనో పనిచేసి నీళ్లు సరిగా తాగకపోతే ముదురు పసుపు వస్తుంది. రెండు చెంబులు నీళ్లు తాగాక తెల్లబడితే అది ఎండే.

మలం సుద్దముక్క రంగుకి, పాలిపోయిన మట్టి రంగుకి తిరిగితే పేగులోకి పైత్యరసం దిగడం లేదని. దీన్ని సిగ్గుపడి చెప్పరు. చెప్పండి. డాక్టర్‌కి స్కానింగ్ కంటే ముందే దారి చూపేది ఇదే.

6. కళ్లు పగటి వెలుతురులో చూడండి.

ట్యూబ్‌లైట్ కింద, పసుపు బల్బు కింద చూడకండి. వాకిట్లోకి తీసుకొచ్చి, కిందకి చూడమని చెప్పి, పైరెప్ప వేలితో ఎత్తి తెల్లగుడ్డు పైభాగం చూడండి. టోటల్ 2 నుంచి 3 దాటితేగానీ పసుపు కంటికి ఆనదు. కాబట్టి కళ్లు తెల్లగా ఉన్నాయి కనుక రిపోర్టు తప్పు అనడానికి లేదు.

నల్లగుడ్డుకి పక్కన, ముక్కు వైపు, కాస్త ఉబ్బిన పసుపు మచ్చ ఉందా? అది ఎండకీ గాలికీ ఏళ్లతరబడి తిరిగిన కన్నుకి వచ్చే మచ్చ. తుమ్మలపెంట వైపు నుంచి వచ్చే చేపల వేటగాళ్లలో ఎందరికో చూశాను. కామెర్లయితే గుడ్డంతా సమంగా పసుపవుతుంది, ఒక మూలే కాదు. అరచేతులు పసుపై కళ్లు మాత్రం తెల్లగా ఉంటే క్యారెట్, బొప్పాయి విపరీతంగా తింటున్నారేమో అడగండి.

7. మళ్లీ పరీక్ష చేయిస్తే అదే ల్యాబ్‌లో చేయించండి.

ఎన్ని రోజులకి అన్నది డాక్టర్ చెప్తారు, రోజూ చేయించి టెన్షన్ పడొద్దు. ఇంకో సంగతి, రక్తం ట్యూబ్ వెలుతురులో ఉంటే అందులో బిలిరుబిన్ తరిగిపోతుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకునే కుర్రాడు ట్యూబ్‌ని బండి ముందు కవర్లో ఎండలో వేలాడదీసి నాలుగు ఊళ్లు తిరిగితే మీ అంకె తప్పుగా తక్కువ వస్తుంది. కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టమని చెప్పే హక్కు మీకుంది.

తగ్గుతున్నప్పుడు వరుస ఇలా ఉంటుంది: ముందు మూత్రం తెల్లబడుతుంది, కళ్లు ఆ తర్వాత. డైరెక్ట్‌లో కొంత భాగం రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కి గట్టిగా అతుక్కుపోతుంది, అది వదలడానికి వారాలు పడుతుంది. ఆకలి తిరిగి పుట్టి, మూత్రం బాగై, కళ్లు మాత్రం ఇంకా పసుపుగా ఉంటే "మందు పనిచేయలేదు" అని ఊరు మారకండి, డాక్టర్‌ని అడగండి.

ఆగకూడని సందర్భాలు

కళ్లు పసుపుగా ఉన్న మనిషి మత్తుగా పడుకున్నా, పొంతన లేకుండా మాట్లాడినా, ఎక్కడి నుంచైనా రక్తం కారినా, నల్లటి విరేచనం అయినా, చలిజ్వరంతో పాటు కుడి డొక్కలో నొప్పి ఉన్నా అంకె ఎంతో చూడక్కర్లేదు. 108కి ఫోన్ చేసి నెల్లూరో ఒంగోలో, దగ్గరున్న పెద్దాసుపత్రికి పోవాలి. గర్భిణికి కామెర్లు వస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు. నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఇ చివరి నెలల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

పసిబిడ్డ రిపోర్టు వేరే

పైన చెప్పిన అంకెలు పసిబిడ్డకి వాడొద్దు. మా కంప్యూటర్ బిడ్డ రిపోర్టు పక్కన కూడా పెద్దవాళ్ల రేంజ్ అచ్చు వేసేస్తుంది, అది చూసి బాలింత బెదిరిపోతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకి రెండో మూడో రోజున పసుపు మొదలై, వారం, రెండు వారాల్లో తగ్గడం మామూలే. ఎంతవరకు ఫర్వాలేదన్నది బిడ్డ పుట్టి ఎన్ని గంటలైంది, ఎన్ని వారాలకి పుట్టింది అన్న చార్టు చూసి పిల్లల డాక్టరే చెప్పాలి. అందుకే పుట్టిన టైము గంటతో సహా రాసిపెట్టుకోండి.

చూడటం ఇలా: పగటి వెలుతురులో బిడ్డ నుదురు మీద, తర్వాత ఛాతీ మీద, తర్వాత కాలి మీద వేలితో మెల్లగా నొక్కి వదలండి. నొక్కిన చోట పసుపు కనిపిస్తే ఎంతవరకు దిగిందో తెలుస్తుంది. ఆ ముందు నలుగు పెట్టి, పసుపు రాసి స్నానం చేయించి చూస్తే ఏమీ తెలియదు. ఒక పాపని ఇలాగే తెచ్చారు. చూస్తే దుప్పటి పసుపు, గౌను పసుపు, ఒంటికి రాసిందీ పసుపే. బట్ట మార్చి, తడిగుడ్డతో తుడిచి చూడాల్సి వచ్చింది.

మొదటి 24 గంటల్లోనే పసుపు కనిపించినా, అరికాళ్ల దాకా దిగినా, బిడ్డ పాలు తాగకుండా మత్తుగా ఉన్నా, వంకర్లు తిరుగుతూ కీచుగా ఏడ్చినా అప్పటికప్పుడే ఆసుపత్రి. ఇన్‌డైరెక్ట్ మరీ పెరిగితే మెదడులోకి చేరి శాశ్వతంగా దెబ్బతీస్తుంది. రెండు వారాలు దాటినా పసుపు పోకపోతే, ముఖ్యంగా బిడ్డ దొడ్డికి తెల్లగా పోతుంటే, పైత్యనాళాలు మూసుకుపోయాయేమో చూడాలి. ఆ ఆపరేషన్ రెండు నెలల లోపు జరిగితేనే ఎక్కువ ఫలితం. "పాల పసుపులే, అదే పోతుంది" అన్న మాట అక్కడ బిడ్డని ముంచుతుంది.

ఎండలో పడుకోబెడితే చాలదా అని అవ్వలు అడుగుతారు. వెలుతురుకి బిలిరుబిన్ తగ్గడం నిజమే. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో జీన్ వార్డ్ అనే సిస్టర్, ఎండ తగిలిన చోట బిడ్డ చర్మం పసుపు తగ్గిందని చూపించింది. అక్కడే కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయిన రక్తం ట్యూబ్‌లో అంకె పడిపోవడమూ బయటపడింది. ఆసుపత్రుల్లో పెట్టే నీలం లైటు అక్కడి నుంచి పుట్టిందే. కానీ లైటు కింద బిడ్డ బట్టల్లేకుండా, కళ్లకి గంతలతో గంటల తరబడి ఉంటుంది, వేడి చూస్తారు, బిలిరుబిన్ మళ్లీ మళ్లీ చూస్తారు. మన కోస్తా ఎండలో అలా పడుకోబెడితే బిడ్డ సొమ్మసిల్లుతుంది. డాక్టర్ లైటు కింద పెట్టమంటే ఎండతో సరిపెట్టొద్దు.

పసరు, వాత, పత్యం

ఈ మూడింటి గురించి అడక్కుండా ఎవరూ వెళ్లరు. నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ చాలామందికి కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. ఆ టైములో పసరు తాగితే పేరు పసరుకి, మెళ్లో దండ వేస్తే పేరు దండకి పోతుంది. అదే పసరు గొట్టంలో రాయి ఉన్నవాడికి పోస్తే రాయి కదలదు, రోజులు పోతాయి. చేతి మీద వాత పెట్టించుకుని, ఆ పుండుకి చీము పట్టాక మా దగ్గరికి వచ్చినవాళ్లని చూశాను, బిలిరుబిన్ వీసమెత్తు తగ్గలేదు. కంట్లో పసరు పిండడం అసలు వద్దు. సున్నపునీళ్లలో చేతులు కడిగితే పసుపు దిగిందని చూపిస్తారు. బిలిరుబిన్ రక్తంలో ఉంటుంది, అరచేతుల్లోంచి నీళ్లలోకి కారదు. నమ్మకం కుదరకపోతే కడిగే ముందొకసారి, కడిగాక ఒకసారి రక్తం ఇవ్వండి, రెండు అంకెలూ పక్కపక్కన చూసుకోండి.

పత్యం పేరుతో మూడు నెలలు ఉప్పూ కారం నూనె లేని గంజి పోసి మనిషిని ఎండబెట్టడం కూడా మేలు కాదు. వికారం ఉన్నన్నాళ్లు నూనె సహించదు, అప్పుడు తేలిగ్గా తినాలి. ఆకలి పుట్టాక మామూలు అన్నం, పప్పు, గుడ్డు పెట్టమనే డాక్టర్లు చెప్తారు. చేపల పులుసు ఎప్పుడు తినొచ్చని అడిగేవాళ్లే మా దగ్గర ఎక్కువ, నెల్లూరు జిల్లా కదా. దాని తేదీ మీ డాక్టర్‌ని అడగండి. సారా, బీరు మాత్రం ఏ తేదీకీ అడగొద్దు.

ఇక వాట్సాప్‌లో రిపోర్టు పంపేవాళ్లకి: పేజీ నాలుగు అంచులూ పడేలా, యూనిట్, రేంజ్, రక్తం తీసిన తేదీ కనిపించేలా తీయండి. కింద వయసు, ఎన్నాళ్లుగా పసుపు, మూత్రం రంగు, మలం రంగు, మింగుతున్న మందులు ఐదు వరుసల్లో రాయండి. అదే కాగితం డాక్టర్ దగ్గరికీ పట్టుకెళ్లండి.